తెర దించే వేళకు ఒక మోటారు

మా స్టూడియో తీసిన పెళ్లిళ్లలో మసకబారిన చోట్లన్నీ చివరికి నా బల్ల మీదికే వచ్చేవి. మండపేటలో రైస్ మిల్లుల రోడ్డు మీద, ఒక ఎరువుల కొట్టు మేడ మీద ఉండేది ఆ స్టూడియో. కింద ఎరువుల వాసన, పైన నేను. నా పని మిక్సింగ్. పెళ్లిలో తీసిన టేపుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, అక్కర్లేనివి కోసేసి, పాటలు కలిపి, పేర్లు వేసి సీడీలు చేసి ఇవ్వడం. పెళ్లివాళ్లు కెమెరామేన్‌ని భోజనానికి పిలుస్తారు, ఫొటోగ్రాఫర్‌కి తాంబూలం ఇస్తారు. మిక్సింగ్ చేసే అమ్మాయి ఒకతి ఉందని వాళ్లకు తెలియను కూడా తెలియదు.

మసక వచ్చిన చోటల్లా గులాబీ వేసేదాన్ని. కంప్యూటర్‌తో పాటు కొన్ని కదిలే బొమ్మలు వచ్చాయి. హంసలు, పావురాలు, గుండెలు, కుందులు. వాటిలో ఒక ఎర్ర గులాబీ రేకులు విప్పుకుంటూ టీవీ నిండా పరుచుకునేది. దాని వెనక ఏమున్నా కనపడదు. "భలే వేశావమ్మా పువ్వు" అని మా ఓనరు గారు మెచ్చుకునేవారు. తప్పును కప్పిపెట్టినందుకు వచ్చిన మెప్పు అది. కొన్నాళ్లు నాకూ బాగానే ఉండేది.

గులాబీ ఎక్కువగా పడేది ఒకే చోట. మన పెళ్లిళ్లలో ముహూర్తానికి వధూవరుల మధ్య తెర పట్టుకుంటారు. తెరకు ఇటువైపు ఆమె, అటువైపు అతను. తెర మీదుగా చేతులు చాచి ఒకరి నెత్తిన ఒకరు జీలకర్ర బెల్లం పెడతారు. పంతులుగారు గట్టిమేళం అని కేక వేస్తారు. తెర దించుతారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. పెళ్లి మొత్తానికి ఆ చూపే ప్రాణం. మా దగ్గరున్న చిన్న కెమెరా ఫోకస్ తనే చూసుకునే రకం. అది ఎదురుగా ఉన్న తెరనే పట్టుకుని, దాని మీది పసుపు బొట్లను నిక్కచ్చిగా చూపిస్తూ కూర్చునేది. తెర కాస్తా దిగేసరికి దానికి ఏం చూడాలో తెలిసేది కాదు. కళ్లజోడు కోసం తడుముకునే ముసలాయనలా ముందుకీ వెనక్కీ తడుముకునేది. అది దారిలో పడేసరికి పెళ్లికూతురు తల దించేసుకునేది.

ఒకరోజు పెళ్లయిన ఒకమ్మాయి మేడ మెట్లెక్కి నేరుగా నా గదిలోకి వచ్చింది. దగ్గర్లోని పల్లెటూరు వాళ్లది. వరి, కొబ్బరి ఉన్న రైతు కుటుంబం. చేతిలో మేమిచ్చిన సీడీ.

"ఏవండీ, ఇందులో పువ్వు తీసెయ్యడానికి కుదురుతుందా?"

"ఏం, బాగా రాలేదాండి?"

"పువ్వు బానే ఉందండి. దాని వెనకాల మా ఆయనున్నారు."

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

"అక్కడ మసకండి. పువ్వు తీసినా మొహం తెలియదు" అన్నాను.

"మసకైతే మసకే ఇవ్వండి. నేను మొదటిసారి తలెత్తి చూసింది అప్పుడే. మా అత్తగారింట్లో అందరం కూర్చుని చూస్తుంటే సరిగ్గా అక్కడికొచ్చేసరికి పువ్వు. మా ఆడపడుచు, 'వదినా, అన్నయ్య కన్నా పువ్వే బావుంది' అంటుంది."

అసలు టేపు తీసి పువ్వు లేకుండా మళ్లీ చేసిస్తానని చెప్పి, బీరువా తెరిచి చూశాను. టేపుంది. దాని మీద అప్పటికే మరెవరిదో పెళ్లి తీసేశారు. టేపుల్ని అలా మళ్లీ మళ్లీ వాడటం ఆ రోజుల్లో అన్ని స్టూడియోల్లోనూ ఉన్నదే. ఆమెకు ఆ మాట చెప్పాను. ఆమె నాతో గొడవ పడలేదు. సీడీని కొంగులో చుట్టుకుంటూ, "మా చెల్లి పెళ్లి కూడా మీకే ఇస్తారంట. దానికి పువ్వెయ్యకండి, మీకు దణ్ణం పెడతాను" అంది.

ఆమె మెట్లు దిగుతుండగానే నిశ్చయించుకున్నాను, ఆ పెళ్లిలో తెర దిగే చోట గులాబీ వెయ్యకూడదని. వెయ్యకుండా ఉండాలంటే మసక రాకూడదు. మసక రాకుండా ఉండాలంటే కెమెరా మీద నా చెయ్యి ఉండాలి. అక్కడే మొదలైంది అసలు గొడవ.

ఎందుకంటే ఆ మధ్యే మా ఓనరు గారు క్రేన్ తెచ్చారు. ఒక పొడుగాటి ఇనుప చెయ్యి. ఆ చివర కెమెరా, ఈ చివర బరువులు. బరువుల దగ్గర నిలబడి నడిపితే కెమెరా పందిరిలోకి మెడ చాచి చూస్తుంది. అది చూసేదంతా బరువుల పక్కనున్న చిన్న టీవీలో కనపడుతుంది. చిన్న కెమెరా తీసేసి, ఏదో టీవీ వాళ్లు వాడి వదిలేసిన పెద్ద కెమెరా కొన్నారు. దానికి ఫోకస్ చేత్తో తిప్పాల్సిందే. కెమెరా ఆకాశంలో, మనిషి నేల మీద. జూమ్‌కైతే కింద క్రేన్ పిడి దగ్గర బటనుంది, ఫోకస్‌కి లేదు. ఎవరు తిప్పుతారు? అందుకని ఎప్పుడూ జూమ్ వెనక్కి లాగి, వైడ్‌లో పెట్టేసేవారు. వైడ్‌లో దగ్గరా దూరం అన్నీ తేటగానే ఉంటాయి. పందిరుంటుంది, అరటిబోదెలుంటాయి, పేరంటాళ్లుంటారు. పెళ్లికొడుకు మొహం కందిగింజంత ఉంటుంది.

"కెమెరా దగ్గరికి మనిషి వెళ్లనక్కర్లేకుండా, దూరం నుంచి ఫోకస్ తిప్పే మోటారు పెడదామండి. వైరు లేకుండా, రేడియోతో" అన్నాను ఓనరు గారితో.

"అలాంటివి మద్రాసులో సినిమా వాళ్ల దగ్గరుంటాయమ్మా. మనకెందుకొచ్చిన గొడవ?"

"తయారు చేస్తానండి."

క్రేన్ నడిపేది ఒక పెద్దాయన. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. ఆయన మరచుట్లు బిగిస్తూనే, "ఏం మోటారమ్మా పుస్తకాలమ్మాయ్? అంబాసిడర్ కారు వైపర్ మోటారు పెట్టు. ఫోకస్ తిప్పుతూ, పనిలో పనిగా అద్దం కూడా తుడిచేస్తుంది" అన్నాడు.

పుస్తకాలమ్మాయి అన్నది ఎగతాళే. నేను మాత్రం దాన్ని బిరుదుగానే తీసుకున్నాను. ఇంటర్ తప్పాక మా ఇంట్లో కాలేజీ అన్న మాట ఎత్తలేదు. చదువు ఆగిపోయిందని చుట్టాలంతా అనేవారు. ఆగింది కాలేజీ. చదువు ఆగలేదు. మండపేటలో శాఖా గ్రంథాలయం ఉంది. రెండు గదులు, రెక్క వంగిన ఒక ఫ్యాను, పేపర్ల కోసం వచ్చే రిటైరైన పెద్దలు. వెనక గదిలో ఎవరూ ముట్టని అల్మరా ఒకటుండేది. రేడియో, విద్యుత్తు, యంత్రాలు. అందులో తెలుగు పుస్తకాలన్నీ చదివేశాను. ఇంగ్లీషువి నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. అర్థం కాని పేజీ మర్నాడు కూడా అర్థం కాకపోతే మూడో రోజూ చదివేదాన్ని. లైబ్రేరియన్ గారు, "ఈ అల్మరాకి తాళం నీకే ఇచ్చేస్తానమ్మా, చెదలు కూడా నిన్ను చూసి పారిపోతున్నాయి" అనేవారు. సోల్డరింగ్ మాత్రం పక్క వీధి రేడియో రిపేరు కొట్టులో నిలబడి, చూసి నేర్చుకున్నాను. కాబట్టి మోటారు ఎంచుకోవడం నాకు తెలియని విద్య అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. అప్పుడూ ఒప్పుకోలేదు.

పుస్తకంలో స్టెప్పర్ మోటారు గురించి గొప్పగా రాసి ఉంది. మామూలు మోటారు కరెంటిస్తే గిర్రున తిరిగిపోతుంది. ఇది అలా కాదు. కరెంటు ఒక్కో తాకిడికి ఒక్కో అడుగు వేస్తుంది. ఎన్ని అడుగులు వెయ్యమంటే అన్నే వేసి, అక్కడ బిగుసుకుని నిలబడుతుంది. నాకు తెగ నచ్చేసింది. పాడైన ప్రింటరు ఒకటి స్టూడియో మూల పడి ఉంటే దాన్ని విప్పి మోటారు తీశాను. లెన్సు చుట్టూ తిరిగే ఫోకస్ రింగుకి పళ్లుండాలి కదా, మోటారు పళ్లచక్రం దాన్ని పట్టుకు తిప్పడానికి. జిరాక్స్ మెషీన్ వాళ్లు పారేసిన పళ్ల బెల్టు ముక్క తెచ్చి రింగు చుట్టూ అతికించాను. ఒక ఎలక్ట్రానిక్స్ పత్రికలో ఉన్న సర్క్యూట్ చూసి నడిపే పెట్టె కట్టాను. ముందు వైరుతోనే ప్రయత్నం.

ఆ సాయంత్రం స్టూడియోలో పెళ్లి జరిగింది. ఓనరు గారు ఒక స్టూలు మీద, బాబాయ్ ఒక స్టూలు మీద. ఇద్దరి మధ్యా కింది ఎరువుల కొట్టు గుమాస్తా తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు.

"పెళ్లికూతురెవరు?" అన్నాడు గుమాస్తా.

"నేనేలే. మీసం తీయించుకోవడానికి టైము లేకపోయింది" అన్నాడు బాబాయ్.

తువ్వాలు దించారు. తిప్పాను. ఓనరు గారి మొహం తేటగా వచ్చింది. గుమాస్తా చప్పట్లు కొట్టాడు. మళ్లీ చేశాం. మూడోసారి ఓనరు గారి మొహం బదులు ఆయన వెనక గోడ మీది క్యాలెండరు తేటపడింది. ఆ తర్వాత క్యాలెండరూ లేదు. నా చేతిలోని పెట్టె మీది గుర్తు మాత్రం సరిగ్గా ముందు ఉన్నచోటే ఉంది.

ఆ రాత్రి పుస్తకం మళ్లీ తీశాను. నేను మెచ్చుకుని ఆగిపోయిన పేజీ తర్వాతి పేజీలోనే ఉంది సంగతి. బరువెక్కువై ఒక అడుగు తప్పితే, తప్పినట్టు ఆ మోటారుకి తెలియదు. వేశాననే అనుకుంటుంది. తర్వాత వేసే అడుగులన్నీ ఆ తప్పు మీదే వేసుకుంటూ పోతుంది. పాత లెన్సు, ఒక చివర రింగు బిగువుగా ఉంది. అక్కడ తప్పుతోంది. పుస్తకం అబద్ధమాడలేదు. నేనే సగం చదివాను.

"చూశావా, పుస్తకాల మోటారు పుస్తకంలోనే తిరుగుద్ది" అన్నాడు బాబాయ్ మర్నాడు.

"ఇంకో పేజీ ఉంది బాబాయ్" అన్నాను.

తర్వాత టేపురికార్డరు మోటారు చూశాను. చప్పుడు తక్కువ. కానీ తిరగడమే గానీ ఆగడం రాదు. ఎక్కడున్నానన్న ధ్యాసే ఉండదు దానికి. సెలవు చూసుకుని రాజమండ్రి బస్సెక్కి, అక్కడి పెద్ద గ్రంథాలయంలో కూర్చున్నాను. బయట గోదావరి గాలి, లోపల నా ముందు మోటార్ల పుస్తకం. నాకు కావలసింది మధ్యాహ్నానికి దొరికింది. తిరిగిన మోటారు తాను ఎంత తిరిగిందో కొలిచి చూసుకోవాలి. తక్కువైతే ఇంకా తిరగాలి, ఎక్కువైతే వెనక్కి రావాలి. కొలత కోసం లోపల రేడియో వాల్యూమ్ బటన్ లాంటి భాగమే ఉంటుంది. దాన్ని సర్వో అంటారు. రేడియోతో ఎగిరే విమానం బొమ్మల తోకలు తిప్పేది అదేనట. సగం చుట్టు మించి తిరగదు. మా లెన్సుకి అంత కూడా అక్కర్లేదు. బలం, వేగం, తిరిగే మేర, తన తప్పు తాను తెలుసుకోవడం. నాలుగూ ఒకచోట కనపడ్డాయి. తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరక్కపోయినా నాకు దిగులనిపించలేదు.

ఓనరు గారు టేపుల కోసం హైదరాబాద్ వెళ్తుంటే బతిమాలి చెప్పాను. ఆయన విసుక్కుంటూనే వెళ్లి, ఒక అట్టపెట్టె తెచ్చారు. ఎవరిదో బొమ్మ విమానం కూలిపోయిందట, రేడియో మిగిలిందట.

"విమానం కూలిన సామాను పెళ్లికి వాడతావా అమ్మా?" అన్నారు.

"కూలింది విమానం అండి. రేడియో కాదు."

పెట్టెలో రెండు సర్వోలున్నాయి. ఒకదానికి లోపల ప్లాస్టిక్ పళ్లు, ఒకదానికి ఇత్తడి పళ్లు. ఎంపికంతా అక్కడే. ప్లాస్టిక్‌ది మెత్తగా తిరుగుతుంది, చప్పుడు లేదు. ఇత్తడిది జ్‌జ్‌జ్ మంటుంది. పైగా దాని పళ్ల మధ్య కాస్త ఖాళీ. వెనక్కి తిప్పినప్పుడు ముందు ఆ ఖాళీ తిరిగి, తర్వాతే రింగు కదులుతుంది.

"ప్లాస్టిక్‌దే పెట్టు. ఇది మైకులో దోమలా మోగుతుంది" అన్నారు ఓనరు గారు.

"అందరూ అదే చెప్తారమ్మా, చప్పుడు లేనిదే మంచి మోటారని. నీ పుస్తకంలో కూడా అదే ఉండుంటుంది" అన్నాడు బాబాయ్.

ఉంది. నిజమే. మాటలు రికార్డయ్యే చోట చప్పుడు లేని మోటారే వాడాలని ఉంది. కానీ ఆ రాసినాయన మన పెళ్లికి రాలేదు. తెర దిగే క్షణాన ఎవరి మాటా వినపడదు. డోళ్లు, సన్నాయిలు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. ఆ హోరు మిక్సింగ్‌లో తగ్గించలేక నేనెన్నిసార్లు చెవులు మూసుకున్నానో నాకు తెలుసు. ఆ హోరులో దోమ కాదు, రైస్ మిల్లు తిరిగినా తెలియదు. అదే ప్లాస్టిక్ పన్ను ఒకటి బిగువు దగ్గర విరిగిందంటే, తెర మళ్లీ కట్టి ముహూర్తం మళ్లీ పెట్టరు. ఇత్తడిదే పెట్టాను. పళ్ల ఖాళీకి మందు నా చేతిలో ఉంది. ఎప్పుడూ ఒకేవైపు నుంచి రావాలి. దగ్గర నుంచి దూరానికి, దాటకుండా. దాటితేనే ఖాళీ బయటపడుతుంది.

విమానం రిమోట్‌లో వేలితో కదిపే పుల్ల తీసేసి, దాని చోట పాత రేడియో స్టేషన్లు తిప్పే పెద్ద గుండీ బిగించాను. చుట్టూ తెల్లటి అట్ట, దాని మీద పెన్సిలు గుర్తులు. తువ్వాలు పెళ్లి మళ్లీ చేశాం. చేసిన ప్రతిసారీ ఓనరు గారి మొహం నిలబడింది. బాబాయ్ స్టూలు దిగి వచ్చి, గుండీ తనే ఒకసారి తిప్పి చూశాడు.

"సరే. పువ్వొద్దన్న ఆ అమ్మాయి చెల్లెలి పెళ్లికే పెట్టి చూద్దాం. కానీ ఇందులో మసకొచ్చిందా, ఆ పెట్టె అటకెక్కుతుంది, నువ్వు మిక్సింగ్ గది దాటవు. ఒప్పుకుంటావా?" అన్నారు ఓనరు గారు.

"ఒప్పుకుంటానండి. రాకపోతే ప్రతి పెళ్లికీ నేనొస్తాను. మీరూ ఒప్పుకోండి."

ఆయన బాబాయ్ వైపు చూశారు. బాబాయ్ పైకప్పు చూశాడు.

చెల్లెలి పెళ్లి పగటి ముహూర్తం. కొబ్బరితోట పక్కన పెద్ద పందిరి. పెద్దమ్మాయి పెళ్లిలో కెమెరావాళ్లు వధూవరుల మీద పడి ఎవరికీ ఏమీ కనపడనివ్వలేదని, ఈసారి పందిట్లో ఒక్క కెమెరావాడు కూడా అడుగుపెట్టకూడదని ఆ ఇంటి తాతగారి ఆజ్ఞ. అంటే ఆ చూపు దొరికితే క్రేన్‌కే దొరకాలి. నేను పొద్దున్నే వెళ్లి ఖాళీ పీటల మీద గుర్తులు పెట్టుకున్నాను. పెళ్లికొడుకు పీట మీద బాబాయ్‌ని కూర్చోబెట్టాను.

"మొన్న పెళ్లికూతుర్ని చేశావు, ఇవాళ పెళ్లికొడుకుని. మా ఆవిడకి తెలిస్తే ఊరుకోదు" అన్నాడు.

పంతులుగారు చూసి కేకలేస్తే లేచి పరిగెత్తాడు.

తాతగారు చేతికర్ర ఊపుకుంటూ నా దగ్గరికి వచ్చారు. "ఏంటమ్మాయ్ ఇది, ఆకాశవాణా?"

"కెమెరా ఫోకస్ అండి. ఇక్కణ్ణుంచి తిప్పుతాను."

"నువ్వా?" అని ఓనరు గారి వైపు తిరిగారు. "ఏమయ్యా, మగాళ్లు దొరకలేదేంటి నీకు?"

ఓనరు గారి మొహం మాడిపోయింది. నన్ను పక్కకు పిలిచి, "అమ్మా, నువ్వు పందిరి వెనకాల జెనరేటర్ దగ్గర నిలబడు. వైరు లేదు కదా, ఎక్కణ్ణుంచైనా తిప్పొచ్చు. ఎవరికీ కనపడవు. పనీ అవుతుంది, పరువూ నిలుస్తుంది" అన్నారు.

వైరు లేకుండా చేసింది కెమెరా ఎగరడానికి. నేను దాక్కోవడానికి కాదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. అయినా మిక్సింగ్ గదిలో ఎవరికీ కనపడకుండా అన్నేళ్లున్నదాన్ని కదా అని, పెట్టె తీసుకుని జెనరేటర్ దాకా నడిచాను. అది మొత్తుకుంటోంది. నేను గుండీ ముట్టుకోకుండానే, అక్కడ పందిట్లో లెన్సు మీది మోటారు అటూ ఇటూ కొట్టుకుంది. క్రేన్ టీవీలో బొమ్మ మసకబారుతూ తేటపడుతూ ఉంటే బాబాయ్ చేతులూపాడు. జెనరేటర్ నిప్పురవ్వల గోల రేడియోలో పడుతోంది. తిరిగొచ్చేశాను.

"అక్కడ మోటారు వణుకుతోందండి. నేనిక్కడే నిలబడతాను. ఎవరైనా ఏమైనా అంటారేమోనని మీకు వణుకైతే మీరెళ్లి జెనరేటర్ దగ్గర నిలబడండి" అన్నాను. ఓనరు గారితో నేనెప్పుడూ అలా మాట్లాడి ఎరగను. క్రేన్ పక్కన, టీవీకి ఎదురుగా, పేరంటాళ్లందరికీ కనపడేలా నిలబడ్డాను. తాతగారు చూస్తూనే ఉన్నారు. చూడనిచ్చాను.

ముహూర్తం దగ్గరపడింది. మేనమామలు పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టుకుని మోసుకొచ్చారు. అప్పుడు తట్టింది నాకు. మా వైపు పెళ్లికూతురు బుట్టలో వస్తుంది. జీలకర్ర బెల్లం పెట్టేదాకా ఆ బుట్టలోనే ఉంటుంది. వందల బుట్టల్ని కోసి అతికించిన నేను, పీటల మీద గుర్తులు పెట్టుకుని బుట్టను మరిచిపోయాను. పెద్ద వెదురుబుట్ట. అది పట్టడానికి తెర జరిపారు. పెళ్లికొడుకు పీటతో సహా వెనక్కి జరిగాడు. బాబాయ్ కూర్చున్న చోటికి, అతను ఇప్పుడు కూర్చున్న చోటికి సంబంధం లేదు. నా పెన్సిలు గుర్తులు దేనికీ పనికిరావు.

ఓనరు గారు కూడా గమనించారు. "గుర్తులు పోయాయి కదమ్మా? జూమ్ వెనక్కి లాగించెయ్. వైడ్‌లో పెట్టేద్దాం. అన్నీ తేటగా ఉంటాయి."

"మొహం ఉండదండి."

"మొహం లేకపోతే ఎవడూ అడగడు. మసకొస్తే అడుగుతారు!"

అడిగిన మనిషి అక్కడే ఉంది. పెద్దమ్మాయి, చెల్లెలి బుట్ట పక్కన, తెర ఒక చివర పట్టుకుని. ఆమె మా క్రేన్ వైపే చూస్తోంది.

జూమ్ నా చేతిలో లేదు. బాబాయ్ చేతిలో ఉంది. ఆయన వెనక్కి లాగితే నా మోటారు, నా లైబ్రరీ, నా గుండీ అన్నీ వృథా.

"బాబాయ్, లాగకండి" అన్నాను.

"ఏమయ్యా, వైడ్‌లో పెట్టు!" అన్నారు ఓనరు గారు.

సరిగ్గా అప్పుడే పంతులుగారు గట్టిమేళం అని కేక వేశారు. డోళ్లు ఒక్కసారిగా లేచాయి. ఓనరు గారు ఇంకా ఏదో అరుస్తున్నారు. బాబాయ్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏంటండీ? ఏం వినపడ్డం లేదండి, గట్టిమేళం!" అని, జూమ్ ఉన్నచోటే ఉంచాడు.

టీవీలో తెర నేత పోగు పోగూ తెలుస్తోంది. పసుపు బొట్ల అంచులు కూడా. అట్ట వైపు చూడటం మానేశాను. తెర వంగింది. దగ్గర నుంచి దూరానికి, దాటకుండా. మెల్లగా తిప్పాను. తెల్లటి పొగలోంచి ముందు కళ్యాణ తిలకం వచ్చింది, తర్వాత కనుబొమలు, తర్వాత కనురెప్పల వెంట్రుకలు. అక్కడ ఆపాను. ఇత్తడి పళ్లు అక్కడే పట్టుకుని నిలబడ్డాయి. పెళ్లికొడుకు ఆమెను చూశాడు. కాస్త భయంగా, కాస్త నవ్వాపుకుంటూ. నెత్తి మీది బెల్లం జారి చెవి మీదికి కారుతున్నా అతనికి తెలియలేదు. ఆ చూపు మొత్తం దొరికింది.

నేననుకున్న దానికన్నా నెమ్మదిగా తిప్పాను. వెంటనే తేటపడాలని కదా ప్రయాసంతా. సీడీ చేస్తున్నప్పుడు ఓనరు గారు నా వెనక నిలబడి అది చూశారు. "మొదట్లో కాస్త మసకుందే. ఆ కాస్త మీద పువ్వేద్దామా?" అన్నారు, అలవాటు కొద్దీ.

"వెయ్యను" అన్నాను. వెయ్యనండి అని కూడా అనలేదు.

సీడీ తీసుకోవడానికి పెద్దమ్మాయి, ఆమె భర్త వచ్చారు. ఇక్కడే చూస్తామన్నారు. తెర దిగే చోటు వచ్చింది. మసకలోంచి మరిది మొహం మెల్లగా బయటికొచ్చింది. ఆమె వెనక్కి తిప్పమంది. మళ్లీ చూసింది. ఇంకోసారి అంది. అప్పుడు భర్త వైపు తిరిగింది.

"మీరు కూడా ఇలాగే చూశారా నన్ను?"

ఆయన ఇబ్బందిగా కదిలాడు. "ఏమో, బెల్లం కంట్లోకి కారుతుంటే... చూసే ఉంటాలే."

"చూసే ఉంటారంట" అంది నాతో. నవ్వుతూనే అంది. కళ్లు మాత్రం టీవీలోనే ఉన్నాయి. ఆమెకు నేనివ్వాల్సింది అదికాదు. ఇవ్వాల్సింది ఏ పెళ్లి కిందో పోయింది. అది నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా వెళ్తూ వెళ్తూ నా చేతిలో చెల్లెలి పెళ్లి తాంబూలం పెట్టింది. పెళ్లివాళ్లు మిక్సింగ్ అమ్మాయికి ఇచ్చిన మొదటి తాంబూలం అదే.

వాళ్లు వెళ్లాక కంప్యూటర్‌లోంచి ఆ గులాబీని తీసేశాను. ఏ మూలా మిగలకుండా తీసేశాను. మర్నాడు ఓనరు గారు వేరే పెళ్లి సీడీ చూస్తూ, "పువ్వు కనపడదేంటమ్మా?" అన్నారు.

"తీసేశానండి."

"తీసేశావా! రేపు ఎక్కడైనా మసకొస్తే ఏం చేస్తావు?"

రాదు అని చెప్పొచ్చు. ఇత్తడి పళ్లున్నాయి, పుస్తకముంది, నేనున్నాను. కానీ బుట్ట లాంటిది ఇంకొకటి ఏ పెళ్లిలో ఎదురవుతుందో ఎవరికి తెలుసు?

"మసకొస్తే మసకే ఇద్దామండి. వాళ్ల మసక వాళ్లది" అన్నాను. రిమోట్ పెట్టె సంచిలో పెట్టుకుని, బాబాయ్ కింద నుంచి హారన్ కొడుతుంటే, ఆ రోజు పెళ్లికి బయల్దేరాను.